చలి మీద నెపం

ధనుర్మాసం తెల్లవారుజాము. పొన్నూరులో గుడి మైకు ఇంకా అందుకోలేదు. తెనాలిలో రైలెక్కాల్సిన కుటుంబం సామాను సర్దుకుని వీధిలో నిలబడిందనుకుందాం. బాడుగకు మాట్లాడుకున్న పాత టాటా సుమో మాత్రం లేవనంటోంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది... తిరుగుతూనే ఉంటుంది. చివరికి దగ్గి, వణికి, వీధంతా తెల్లటి పొగ నింపి అప్పుడు అంటుకుంటుంది. 'చలికాలం కదండీ, పొద్దున్నే ఇంతే' అంటాడు డ్రైవరు. మధ్యాహ్నం అదే బండి తాళం తిప్పగానే లేస్తుంది కాబట్టి ఆ మాట అందరూ నమ్ముతారు.

నిజంగా తప్పు చలిదేనా? మన తీరంలో జనవరి తెల్లవారుజామున కూడా 18 డిగ్రీలకు కాస్త అటూఇటూగా ఉంటుంది. డీజిల్ గడ్డకట్టే చలి లద్దాఖ్‌లో ఉంది. అక్కడి కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల్లోనూ పారే డీజిల్ తెచ్చింది. పొన్నూరుకు దాంతో పనేముంది! ఇక్కడి మంచుకే బండి మొరాయించిందంటే జబ్బు ముందే ఉందన్నమాట. చలి దాన్ని బయటపెట్టింది, అంతే.

డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని ఇరవయ్యో వంతుకు అదిమేస్తే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో నడిపి చూపించింది ఈ పద్ధతినే. రాత్రంతా చల్లబడిన ఇనుము ఆ వేడిని లాగేసుకుంటుంది. అందుకే పాత సుమో, డీజిల్ అంబాసిడర్ లాంటి వాటిలో సిలిండరుకొకటి చొప్పున హీటర్ ప్లగ్గులు పెట్టారు. లారీలు, ట్రాక్టర్లలో చాలావాటికి ఇవి ఉండవు.

మరి రోగం ఎక్కడ? సైలెన్సర్ దగ్గర నిలబడి చూస్తే సగం తెలిసిపోతుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ పొగే రాకపోతే డీజిల్ సిలిండర్‌దాకా చేరడంలేదు. డీజిల్ వాసనతో తెల్లటి పొగ దండిగా వస్తే చేరుతోంది కానీ మండడంలేదు. అసలు ఇంజిన్ తిరగడమే ఈడుస్తూ ఉంటే ముందు బ్యాటరీని చూడాలి. కొత్త బ్యాటరీ కొనే తొందరొద్దు. తుప్పుపట్టిన టెర్మినల్, వదులైన ఎర్త్ వైరు కూడా ఇదే పని చేస్తాయి.

పొగ రాని బండి కథ కొంచెం తమాషాగా ఉంటుంది. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే రబ్బరు పైపు ఎక్కడో సన్నగా పగులుతుంది. రాత్రి బండి నిలిచి ఉన్నప్పుడు ఆ పగులులోంచి గాలి దూరి, డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టి కొట్టి దాన్ని మళ్లీ పైకి లాగాలి. కింద చుక్క కూడా కారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫిల్టర్ దగ్గరుండే హ్యాండ్ పంపును సెల్ఫ్ కొట్టేముందు గట్టిపడేదాకా నొక్కి చూడాలి. ఆ రోజు బండి వెంటనే లేచిందంటే దొంగ దొరికినట్టే! పంపు ముందు అడుగు పొడవున పారదర్శకమైన డీజిల్ పైపు ముక్క వేయిస్తే గాలి బుడగలు కంటికే కనబడతాయి. ఇది తెలియక 'పంపు పని చేయించాలి' అన్న మాటకు తలూపితే వేలల్లో ఖర్చు. రోజు బాడుగ మీద బతికే ఇంటికి అది చిన్న దెబ్బ కాదు.

తెల్లపొగ వస్తే హీటర్ ప్లగ్గుల వంతు. డాష్‌బోర్డు మీద లైటు వెలిగి ఆరింది కదా అనుకుంటే పొరపాటే. చాలా బళ్లలో ఆ లైటు లెక్కపెట్టేది సమయాన్నే, ప్లగ్గు కాలిపోయినా వెలుగుతుంది. ప్లగ్గులను కలిపే పట్టీ తీసేసి, బ్యాటరీ పాజిటివ్‌కు కలిపిన టెస్ట్ ల్యాంపు కొనను ఒక్కో ప్లగ్గుకూ ఆనించాలి. ల్యాంపు వెలగకపోతే ఆ ప్లగ్గు కాలిపోయినట్టే. అన్నీ వెలిగితే వాటికి కరెంటు అందించే రిలే, ఫ్యూజు చూసుకోవాలి. కొందరు గాలి ఫిల్టర్‌లో స్టార్టింగ్ స్ప్రే కొడుతుంటారు. హీటర్ ప్లగ్గులున్న బండికి అది ప్రమాదం. ఎర్రగా కాగిన ప్లగ్గు తగిలి వేళకాని వేళ పేలితే పిస్టన్ విరగొచ్చు.

ఇవేవీ కాకుండా, నడుస్తున్న ఇంజిన్‌కు ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ కొడుతుంటే, రింగులు అరిగి కంప్రెషన్ పోయినట్టు అనుమానించాలి. అప్పుడు గేజితో కొలిపించాకే ఇంజిన్ విప్పనివ్వాలి. నాజిళ్లు పరీక్షించడం అంతకంటే చవక, అది ముందే కానివ్వొచ్చు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఇంటి దగ్గర తంటాలుపడి లేపిన బండి షెడ్డుకు వెళ్లేసరికి వేడెక్కుతుంది. మెకానిక్ తాళం తిప్పగానే ఠక్కున లేస్తుంది. 'బాగానే ఉందిగా' అని ఆయనా అంటాడు, వచ్చిన దారినే బండీ తిరిగొస్తుంది. అందుకని ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలేసి రావడం మేలు. పొద్దున తాను వచ్చేదాకా ఎవరూ సెల్ఫ్ ముట్టుకోవద్దని కూడా చెప్పి రావాలి.