దింపుకొనిన పాట యెవరిది?

నెలనెలకు చందా చెల్లించి పాటలు వినుట నేడు మన పట్టణములలో సామాన్యమైన యాచారమైనది. రైలు ప్రయాణములో సిగ్నలు దొరకదేమోయను శంకతో చందాదారులు తమకిష్టమైన కీర్తనలను, పద్యములను, సినిమాపాటలను ఫోనులోనికి డౌన్‌లోడు చేసికొనుచున్నారు. ఫోనులో చేరినది గావున ఆ పాట తమదైనదని పలువురు తలంచుచున్నారు. ఆ తలంపు పొరపాటు. దానికి ముఖ్యకారణము డౌన్‌లోడను మాటయే.

ఈ సేవలు మనకిచ్చునది తాళము వేసిన పెట్టె. తాళపుచెవి కంపెనీవారి చేతిలోనే యుండును. అందుచేతనే ఫోనులో దింపుకొనిన పాటను కంప్యూటరులోనికి మార్చుకొన వీలుపడదు. అచ్చట మరల వేరుగా దింపుకొనవలయును. స్పాటిఫై వారు 2018 వఱకు మూడు సాధనములలో, ఒక్కొక్కదానియందు 3,333 పాటలను దాచుకొననిచ్చిరి. ఆ యేట ప్రీమియము చందాదారులకు ఆ హద్దును ఐదు సాధనములకు, ఒక్కొక్కదానికి 10,000 పాటలకు పెంచిరి. సంతోషమే. కాని ఆఱవదానిలో దింపుకొనినచో, చాలకాలముగా వాడని సాధనములోని పాటలు తొలగిపోవును. ముప్పది దినములలో ఒక్కసారియైనను ఇంటర్నెట్టుతో సంబంధము కలుపకున్నను అవి నిలువవు. చందా మానినవాని సంగతి చెప్పనే యక్కఱలేదు.

ఇందు అన్యాయమేమి, గ్రంథాలయపు పుస్తకమును తిరిగి యిచ్చుటలేదా యని కొందఱనవచ్చును. నిజమే. స్వల్పమైన చందాకు లక్షలకొలది పాటలు శాశ్వతముగా నిమ్మని యెవ్వరును కోరరు. గాయకులకు, రచయితలకు ప్రతిఫలము ముట్టవలసినదే. కాని గ్రంథాలయాధికారి గడువు తేదీని పుస్తకముపై ముద్రవేసి మఱీ యిచ్చును. ఇచ్చట గడువు దీర్ఘమైన నిబంధనావళిలో నెక్కడనో దాగియుండును.

సేవయే మూతపడినచో తాళము తీయువారెవరు? మన దేశమున రెస్సో 2024 జనవరి 31న ఆగిపోయినది. వింక్ మూసివేతను ఎయిర్‌టెల్ వారు అదే సంవత్సరమున ప్రకటించిరి. 2008లో మైక్రోసాఫ్టు వారు తమ ఎం.ఎస్.ఎన్. మ్యూజిక్కులో వెలయిచ్చి కొనిన పాటలకు సహితము క్రొత్త తాళపుచెవులీయబోమనిరి. కొనినవారు గగ్గోలుపెట్టగా 2011 తుదివఱకు ఇత్తుమని వెనుకకు తగ్గిరి. అడిగినవారికే జవాబు దొరకునని దీనివలన తెలియుచున్నది.

మన చట్టము ఈ విషయమున కొంత విచక్షణ చూపినది. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో చేర్చిన 65ఎ విభాగము, హక్కులను ఉల్లంఘించు నుద్దేశముతో తాళమును ఛేదించువానికి రెండేండ్ల వఱకు ఖైదును, జుల్మానాను విధించుచున్నది. చట్టము నిషేధింపని పనులకు మినహాయింపు నిచ్చుచున్నది. కాని తాళమునకు ఈ విచక్షణ తెలియదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్నట్లున్నది. తాళములు పగులగొట్టుడని మేము చెప్పుటలేదు. ఒడంబడికను చందాదారుడు పాటింపవలసినదే. అట్లే దానిని విప్పిచెప్పుట కంపెనీవారి విధి.

మనము కోరవలసినవి మూడు. ఎన్ని సాధనములు, ఎన్ని దినములు అను సంగతి రొక్కము తీసికొనుటకు ముందే తెలుగులో, పెద్ద యక్షరములతో తెలుపవలయును. పాటలను తొలగింపబోవునపుడు ముందుగా హెచ్చరించి, ఏ సాధనమునుండి తీయవలయునో చందాదారునే యడుగవలయును. సేవను మూయునపుడు చాలినంత గడువిచ్చి, అతడు కూర్చుకొనిన పాటల పట్టికనైనను అతని చేతికీయవలయును. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టము అన్యాయపు ఒడంబడికలను ప్రశ్నించు హక్కును మనకిచ్చియున్నది. దానిని వాడుకొనుట మన పని.

ఇంతలో పాఠకులకు మా మనవి యొక్కటి. బిడ్డలకు మిగులవలెనని కోరు పాటలను తాళములేని రూపమున వెలయిచ్చి కొనుడు. తక్కినవానిని చందాకు వినుడు. అద్దె యింటికి సున్నము వేయించుకొనవచ్చును గాని, దానిని ఆస్తిలో వ్రాసికొనరాదు.