రోజూ బిందెడు నీళ్లు తాగుతోందా..?

తొలకరి పడింది. కాలువకు నీళ్లొచ్చాయి. ఊరంతా దమ్ముల హడావుడి. సరిగ్గా అప్పుడే... పాతికేళ్లుగా ఇంట్లో మనిషిలా చాకిరీ చేసిన ట్రాక్టరు మడి మధ్యలో ఆవిర్లు కక్కుతూ ఆగిపోతుంది. అవతల నారు ముదిరిపోతుంటుంది. కిరాయికి మరో బండి దొరకదు. మెకానిక్కు వచ్చి, హెడ్ గ్యాస్కెట్ పోయిందనో, పిస్టన్లు పట్టేశాయనో తేలుస్తాడు. ఇంజిను విప్పితే ఎన్ని రోజులు పడుతుందో, ఎంత బిల్లవుతుందో చెప్పలేం. 'పాత బండి కదా, దాని ఆయుష్షు తీరింది' అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. చాలాసార్లు తప్పు వయసుది కాదు, రేడియేటర్లో పోసిన నీళ్లది!

1960ల్లో మనదేశంలో తయారీ మొదలైన మహీంద్రా బి-275, ఆ తర్వాత వచ్చిన మాసే ఫెర్గూసన్ 1035 లాంటి 35 హార్స్‌పవర్ తరగతి బళ్లు మన పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ చిన్న రైతుల దగ్గరికి చేరినవే ఎక్కువ. కొత్త బళ్లలోలాగా ముందే హెచ్చరించే దీపాలు వీటికి ఉండవు. ఉన్న ఒక్క టెంపరేచర్ మీటరూ చాలా బళ్లలో ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. కాబట్టి నడిపేవాళ్ల కన్నే మీటరు.

వేడి ఎక్కడికి పోతుంది?

ఇంజిన్లో మండిన డీజిల్‌లో సుమారు మూడోవంతు శక్తే పనికి ఉపయోగపడుతుంది. మరో మూడోవంతు పొగగొట్టంలోంచి పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని మోసుకుపోవాల్సింది నీళ్లే. సిలిండర్ల చుట్టూ తిరిగి వేడెక్కిన నీళ్లు పై పైపు ద్వారా రేడియేటర్లోకి వస్తాయి. సన్నటి గొట్టాల్లోంచి దిగుతూ ఫ్యాను గాలికి చల్లబడి, కింది పైపు గుండా మళ్లీ ఇంజిన్లోకి వెళ్తాయి. వాటిని తిప్పేది వాటర్ పంపు. సాధారణంగా పంపునీ ఫ్యానునీ తిప్పేది ఒకటే బెల్టు. అది వదులైతే నీళ్లూ గాలీ రెండూ తగ్గిపోతాయి.

ఇంట్లో బోరు నీళ్లు కాచే హీటరు కాయిలు చూడండి. కొన్నాళ్లకే తెల్లగా పెచ్చు కట్టేస్తుంది. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం లవణాలు వేడికి విడిపోయి సున్నంలా అంటుకుంటాయి. సరిగ్గా ఇదే ఇంజిను లోపలా జరుగుతుంది. ఆ పొర ఇనుముతో పోలిస్తే వేడిని దాదాపు 20 రెట్లు తక్కువగా పంపుతుంది. బయట రేడియేటరు నిండుగా కనిపిస్తున్నా, లోపల సిలిండరు వేడి నీళ్లదాకా రాదు. రాతినేలల్లో తవ్విన బోర్ల నీళ్లు చాలాచోట్ల ఇలాంటివే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మూత బిగువుగా ఉండి, ఎక్కడా కారకపోతే లోపలున్న నీళ్లు అవే తిరుగుతుంటాయి. వాటిలోని సున్నం ఒకసారి దిగితే అంతే, కొత్తది చేరదు. కానీ ఆవిరై పోతున్నకొద్దీ రోజూ కొత్త నీళ్లు పోస్తే, నీరు పోతుంది, సున్నం మిగులుతుంది. అంటే రోజూ బిందెడు నీళ్లు పోయడం బండికి చేసే సేవ కాదు... ఎక్కడో లీకు ఉందనడానికి గుర్తు. ముందు దాన్ని పట్టుకోవాలి.

ఏవి పోయాలి?

బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, అందులో డబ్బా మీద చెప్పిన పాళ్లలో కూలెంటు... ఇదీ సరైన పద్ధతి. 'మనకు మంచు కురవదు కదా, కూలెంటు దేనికి' అనుకోవద్దు. అది తుప్పు పట్టనివ్వదు, నీళ్లు త్వరగా మరగనివ్వదు. అత్యవసరమైతే శుభ్రంగా పట్టిన వాననీళ్లు గానీ, ఆర్వో నీళ్లు గానీ బోరు నీళ్లకన్నా మేలు. ఆర్వో యంత్రం బయటికి వదిలేసే నీళ్లు మాత్రం అస్సలు వద్దు, లవణాలన్నీ చేరేది అందులోనే.

ఇప్పటికే సున్నం పట్టి ఉంటే రేడియేటరు శుభ్రం చేసే మందు దొరుకుతుంది. దాన్ని వాడాక కింది కుళాయితో పాటు ఇంజిను పక్కనుండే కుళాయి కూడా తిప్పి మొత్తం వదిలేయాలి. మంచినీళ్లతో రెండుమూడుసార్లు కడగాలి. బాత్రూములు కడిగే యాసిడ్ జోలికి పోవద్దు. పాత రేడియేటర్లలో గొట్టాలను అతికించిన టంకాన్ని అది తినేస్తుంది.

పొట్టుతో తంటా

నూర్పిళ్ల రోజుల్లో గడ్డి, పొట్టు, దుమ్ము రేడియేటరు రెక్కల్లో దూరి గాలి ఆడనివ్వవు. రోజూ సాయంత్రం ముందున్న జాలీ తీసి దులపాలి. గాలి గానీ నీళ్లు గానీ ఫ్యాను వైపు నుంచి బయటికి కొట్టాలి. ముందునుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది. జోరు ఎక్కువైతే రెక్కలు వంగిపోతాయి, నెమ్మదిగా కానివ్వాలి. బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే ఒకటిన్నర సెంటీమీటరుకు అటూఇటూగా దిగాలి. పగుళ్లు కనిపిస్తే మార్చేయాలి. బెల్టు ఖరీదు ఒక్కపూట డీజిలు ఖర్చుకు మించదు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి చుక్కలు పడుతున్నాయంటే లోపలి సీలు పోయినట్టే. దాన్ని బంకతో మూస్తే నీళ్లు బేరింగులోకి చేరతాయి.

వాల్వు పీకేస్తే..?

వేడెక్కుతోందని చెప్పగానే థర్మోస్టాట్ వాల్వు పీకేయడం కొన్ని షెడ్లలో అలవాటు. అప్పటికి వేడి తగ్గినట్టే ఉంటుంది. కానీ ఇంజినుకు చలి కూడా జబ్బే. చాలినంత వేడి లేకపోతే డీజిలు పూర్తిగా మండదు, పొగ ఎక్కువవుతుంది, ఆయిలు పాడవుతుంది, లైనర్లు త్వరగా అరుగుతాయి. వాల్వు మంచిదో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పాత గిన్నెలో నీళ్లుపోసి, దారంతో వేలాడదీసి కాచండి. దానిమీద ముద్రించిన డిగ్రీల దగ్గర (సాధారణంగా 80 ప్రాంతంలో) తెరుచుకోవడం మొదలవ్వాలి. నీళ్లు మరిగినా మూసుకునే ఉంటే అది చెడిపోయినట్టే... కొత్తది వేయాలి.

ఆవిరి చిమ్మితే...

రేడియేటరు మూత ప్రెషర్ కుక్కర్ మూతలాంటిది. లోపల ఒత్తిడి ఉండబట్టే నీళ్లు 110 డిగ్రీల ప్రాంతందాకా మరగకుండా ఉంటాయి. వేడిమీద మూత తిప్పారో, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా మొహమ్మీదికి చిమ్ముతాయి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. బండి వేడెక్కిందని తెలియగానే లోడు తీసేసి, కొన్ని నిమిషాలు స్లోలో నడవనిచ్చి ఆపాలి. నీళ్లన్నీ పోయి ఉంటే, బెల్టు తెగి ఉంటే మాత్రం వెంటనే ఆపేయాలి. అరగంటకు తక్కువ కాకుండా ఆగి, గోనెపట్టా మడతపెట్టి మూతను కొద్దిగా తిప్పి ఆవిరి పోనివ్వాలి. మండుతున్న ఇంజిన్లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగలొచ్చు. చల్లారాక కొద్దికొద్దిగా పోయాలి. నింపి నడుపుతున్నప్పుడు రేడియేటర్లో అదేపనిగా బుడగలు వస్తున్నా, ఆయిలు పాలు కలిపిన టీలా మారినా ఇక ఆ రోజు పొలం పని మానేసి మెకానిక్కును పిలవడమే.

తియ్యటి విషం

కూలెంట్లలో ఎక్కువగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. కాలువగట్టున వదిలేస్తే పశువులో కుక్కలో నాకే ప్రమాదం ఉంది. పాత కూలెంటును మూతున్న డబ్బాలో పట్టి, గేదెల తొట్టికీ పిల్లల చేతికీ దూరంగా పెట్టాలి. తాగునీళ్ల సీసాల్లో మాత్రం పొయ్యకూడదు.

ఇవన్నీ చూసుకోవడానికి దమ్ములకు వారం ముందు ఒక్క పూట చాలు. పైపులు నొక్కిచూసి మెత్తబడినవి మార్చడం, బెల్టు, మూత, పంపు, రెక్కలు చూడటం, మీటరు పనిచేయించడం. ఆ తర్వాత రోజూ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మూత తీసి మట్టం చూస్తే సరి. నిన్నటికన్నా తగ్గిందంటే నీళ్ల బిందె కాదు, ముందు లీకు ఎక్కడుందో వెతకండి.