పది రోజుల కూలి, ఒక్క రోజు రేడియేషన్

క్యాన్సర్ కటి ఎముకకు పాకిందని తేలేలోపు మనిషి ఎన్ని నెలలు నొప్పి భరించాలో కణితి ఒక్కటే నిర్ణయించదు. ఆ నొప్పి ఎవరు చెప్పుకుంటున్నారు, దాన్ని ఎవరు చెవిన పెడుతున్నారు అన్నది కూడా నిర్ణయిస్తుంది.

నేనుంటున్న కోల్‌కతా సాల్ట్ లేక్‌లో సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్ ఉంది. దాని స్థాపకుడు మేఘనాద్ సాహా అణగారిన కులంలో, చిన్న దుకాణదారు ఇంట్లో పుట్టాడు. కలకత్తా ఈడెన్ హిందూ హాస్టల్లో అగ్రకుల విద్యార్థులు ఆయనను తమ పంక్తిలో కూర్చోనివ్వలేదు. పంక్తిలో చోటు దొరకని ఆ మనిషి ఈ దేశంలో అణు పరిశోధనకు పునాది వేశాడు. సంస్థ పక్కనే ఉన్న వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ 2018 నుంచి పెట్ స్కాన్లకు కావలసిన రేడియోధార్మిక మందును నగరంలోని మెడికల్ సైక్లోట్రాన్‌లో తయారుచేస్తోంది. విజ్ఞానం మన గడప దాకా వచ్చింది. మన రోగి దగ్గరికి వచ్చిందా?

రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, మూత్రపిండం, థైరాయిడ్ క్యాన్సర్లు తరచుగా ఎముకలకు పాకుతాయి. వెన్నెముక తర్వాత ఎక్కువగా దెబ్బతినేది కటి ఎముకే. పడుకున్నా తగ్గని, రాత్రిపూట పెరిగే తుంటి నొప్పి మొదటి హెచ్చరిక. నాట్లు వేసే, ఇటుకలు మోసే దళిత స్త్రీ అదే మాట చెబితే ‘పని నొప్పి’ అంటారు. ఆర్‌ఎంపీ సూది వేసి పంపుతాడు. ఎక్స్‌రే తీసినా, ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా కరిగితే గానీ మచ్చ సరిగా కనబడదు. ‘ఎక్స్‌రే బాగుంది’ అన్న మాటతో కేసు మూసేయకూడదు. బోన్ స్కాన్, ఎంఆర్‌ఐ, అవసరమైతే బయాప్సీ చేయాలి.

ఈ దశలో వ్యాధి సాధారణంగా పూర్తిగా నయం కాదు. కానీ నొప్పి తగ్గించవచ్చు, ఎముక విరగకుండా చూడవచ్చు, మనిషిని నడిపించవచ్చు. అసలు క్యాన్సర్‌కు హార్మోన్ మందులో, కీమోనో ఇస్తూ, ఎముకకు జోలెడ్రోనిక్ ఆసిడ్ ఇస్తారు. విరిగే ప్రమాదం ఉంటే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు. నొప్పికి రేడియేషన్ ఇస్తారు. మామూలు ఎముక నొప్పిని 8 గ్రేల ఒకే మోతాదు కూడా, పది రోజుల పాటు ఇచ్చే చికిత్స తగ్గించినంతగానే తగ్గిస్తుందని పరీక్షలు తేల్చాయి. మళ్లీ ఇవ్వాల్సి రావడం మాత్రం ఎక్కువ. కూలి కుటుంబానికి పది ప్రయాణాలంటే రోగికీ, తోడు వచ్చిన మనిషికీ పది రోజుల కూలి పోవడమే. చాలామంది మధ్యలోనే మానేసేది అందుకే. ఎన్ని రోజులన్నది యంత్రానికి సంబంధించిన లెక్క అనుకుంటాం. నా దృష్టిలో అది సామాజిక న్యాయం లెక్క.

మార్ఫిన్ సంగతీ అంతే. చట్టబద్ధంగా నల్లమందు పండించే ఈ దేశంలో, 1985 మాదకద్రవ్యాల చట్టం ఆ మందును రోగికి దూరం చేసింది. 2014 సవరణ నిబంధనలను సడలించింది. అయినా జిల్లా ఆసుపత్రి అలమరాలో మార్ఫిన్ లేకపోతే సవరణ కాగితం మీదే ఉన్నట్టు.

వైద్య విద్యార్థులనూ పరిశోధకులనూ నేను అడిగేది ఇదే. నొప్పి మొదలైన రోజుకూ వ్యాధి తేలిన రోజుకూ మధ్య గడిచిన కాలాన్ని కులం, జెండర్, కూలి వారీగా లెక్కగట్టండి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్ ఉండాలని, ఒక్క రోజు రేడియేషన్ సరిపోయే రోగికి ఆ సంగతి ముందే చెప్పాలని డిమాండ్ చేయండి. నొప్పి లేకుండా బతకడం దయాధర్మం కాదు, హక్కు.