ఒక్క మిల్లీమీటరు గొడవ

మా పెదనాన్నకి గ్యాస్ ట్రబుల్ కొత్తేం కాదు. ఈసారి అన్నయ్య పట్టుబట్టి ఎండోస్కోపీ చేయిస్తే, అన్నవాహికలో చిన్న మచ్చ కనిపించింది. ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సర్ అని తేలింది. "తొలిదశలోనే ఉన్నట్టుంది. ఎంత లోతుకి దిగిందో చూడాలి" అని డాక్టరుగారు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ రాశారు. రాత్రికి పెదనాన్న నుంచి ఫోన్. "ఒరేయ్, కంప్యూటర్లు చదివావుగా. ఇదేంటో కాస్త కనుక్కుని చెప్పు."

కనుక్కున్నా. మీకూ చెప్తా.

అన్నవాహిక గోడ మందం మూడు నాలుగు మిల్లీమీటర్లే. అందులోనే పొరలు. క్యాన్సర్ అన్నిటికన్నా లోపలి పొరలో ఆగితే, నోట్లోంచి ఎండోస్కోప్ పంపి ఆ మేరకు ఒలిచి తీసేయొచ్చు. దాని కింది పొరలోకి బాగా దిగితే లింఫు గ్రంథులకు పాకే ముప్పు పెరుగుతుంది. అప్పుడు అన్నవాహికనే తీసేసి, పొట్టను పైకి లాగి కలిపే పెద్ద ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. తేడా ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు!

ఆ తేడా చూడటానికే ఎండోస్కోప్‌తో పాటు అల్ట్రాసౌండ్‌ని లోపలికి పంపుతారు. 1980 నుంచీ ఉన్న పద్ధతే. మన ఒంట్లో శబ్దం సెకనుకి సుమారు 1540 మీటర్లు పోతుంది. 7.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో తరంగం పొడవు 0.2 మిల్లీమీటర్లు. 20 మెగాహెర్ట్జ్‌కి పెంచితే 0.08కి తగ్గుతుంది. మామూలుగా అయిదు పొరలుగా కనిపించే గోడ అప్పుడు తొమ్మిది పొరలుగా విడివడి కనిపిస్తుంది. కాకపోతే ఆ తరంగం ఎక్కువ దూరం పోలేదు. గోడ అవతలి లింఫు గ్రంథుల్ని చూడాలంటే మళ్లీ తక్కువ ఫ్రీక్వెన్సీయే దిక్కు.

"దీనికి ఏఐ పెట్టేస్తే సరిపోదా?" అనిపించింది నాకు. మన బుద్ధి అంతేగా! అసలు చిక్కు అంతకన్నా ముందే ఉంది. మధ్యలో గాలి ఉంటే అల్ట్రాసౌండ్ ముందుకెళ్లదు, నీళ్లు ఉండాలి. అన్నవాహికలో పోసిన నీళ్లు కిందికి జారిపోతాయి, పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. పోనీ నీళ్లు నింపిన బెలూన్ పెడదామంటే, అది గట్టిగా ఒత్తుకుని పల్చటి పొరల్ని అణిచేస్తుంది. లోతు లెక్క తప్పుతుంది. అందుకే ఒత్తని మెత్తటి తొడుగులు, త్వరగా జారిపోని చిక్కటి జెల్లీ లాంటివి వాడి చూస్తున్నారు. అణిగిపోయిన బొమ్మ ఇస్తే ఏ ఏఐ అయినా అణిగిన లోతే చెప్తుంది.

ఇంకోటి. మచ్చ చుట్టూ వాపు ఉంటే అదీ క్యాన్సర్‌లాగే నల్లగా కనబడుతుంది. పెదనాన్న స్కాన్‌లో ఒకచోట అదే అనుమానం వచ్చింది. డాక్టర్లు పెద్ద ఆపరేషన్‌కి తొందరపడలేదు. ముందు ఎండోస్కోప్‌తో మచ్చను ఒలిచి, ఆ ముక్కని మైక్రోస్కోప్ కింద చూశారు. పై పొర దాటలేదు, అంచులు శుభ్రం. స్కాన్ దారి చూపిస్తుంది, తీర్పు మాత్రం ఆ ముక్కదే.

పెదనాన్న ఇప్పుడు ఇడ్లీ తింటున్నారు. ముప్పయ్యేళ్ల చుట్ట మానేశారు. చెప్పిన తేదీకల్లా మళ్లీ ఎండోస్కోపీకి వెళ్లాలి, ఆ రిమైండర్ నా ఫోన్‌లో ఉంది. మీ ఇంట్లో ఎవరైనా ముద్ద దిగట్లేదంటే "గ్యాసేలే" అని టాబ్లెట్ ఇచ్చి ఊరుకోకండి. ఒకసారి చూపించండి.