బండిని చూసేనా మర్యాద?

కల్యాణ మండపం గేటు ముందు కారు ఆగితే వాచ్‌మన్ పరుగున వస్తాడు. ‘ఇట్లా రండి సార్’ అంటూ నీడపట్టున చోటు చూపిస్తాడు. వెనకే మోపెడ్ వస్తే మాత్రం ‘ఏమయ్యా, ఆ గోడ పక్కన పెట్టుకో పో’ అంటాడు. ఇద్దరూ ఒకే పెళ్లికి వచ్చినవాళ్లే. ఇద్దరికీ అందింది ఒకే శుభలేఖ. తేడా ఎక్కి వచ్చిన బండిలోనే ఉంది.

ఇది అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. హోసూరులో మాత్రం కాస్త విడ్డూరం. ఎందుకంటే ఆ మోపెడ్‌కు పుట్టినిల్లు ఈ ఊరే. 1980లో టీవీఎస్ 50 ఇక్కడి ఫ్యాక్టరీ నుంచే రోడ్డెక్కింది. ఇద్దరు కూర్చుని పోయేలా దేశంలో తయారైన తొలి మోపెడ్ అది. అప్పటిదాకా సైకిల్ తొక్కిన గుమాస్తాలు, పాలవాళ్లు, సన్నకారు రైతులు ఎందరో దాంతోనే ఇంజిన్ బండికి యజమానులయ్యారు. 2015లో వచ్చిన ఎక్సెల్ 100 ఇప్పుడు ఆ బరువే మోస్తోంది. బాగలూరు, బేరికె, డెంకణికోట దారుల్లో తెల్లారకముందే చూడాలి. రోజాపూల మూటలు, కొత్తిమీర కట్టలు, పాల క్యాన్లు అన్నీ దాని మీదే.

ఈ పల్లెల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా సేద్యం చేస్తున్నాయి. ఆ బండి సంపాదనతోనే చాలా ఇళ్లలో పిల్లలు చదువుకున్నారు. తీరా కాలేజీకి వచ్చాక నాన్న బండి ఎక్కాలంటే కొడుక్కు నామోషీ! కంతుల మీదైనా సరే కొత్త బైకు కావాలి. అది పూర్తిగా వాడి తప్పు కాదు. పెళ్లి సంబంధానికి పోతే ‘అబ్బాయికి ఏం బండుంది?’ అని ఆరా తీసేది పెద్దలే. కట్నం మాటల్లో బైకు పేరు ఇరికించేదీ వాళ్లే.

పేదవాడి బండిని చులకన చేయడం ఒక ఎత్తు. కింద ఉండాల్సినవాడు పెద్ద బండి ఎక్కాడని కన్నెర్ర చేయడం మరో ఎత్తు. 2025 ఫిబ్రవరిలో తమిళనాడులోనే, శివగంగ జిల్లాలో ఒక దళిత విద్యార్థి చేతులపై కత్తితో దాడి జరిగింది. బుల్లెట్ నడుపుతున్నాడన్న అక్కసుతోనే ఈ పని చేశారని కుటుంబసభ్యులు ఆరోపించారు. పోలీసులు ముగ్గురిని అరెస్టు చేశారు. ఊరి వీధిలో చెప్పులు వేసుకోకూడదు, సైకిలెక్కి పోకూడదు అని దళితులకు ఆంక్షలు పెట్టిన రోజులు పోయాయనుకున్నాం. చెప్పుల చోట బుల్లెట్ వచ్చింది. ఓర్వలేనితనం మాత్రం అక్కడే ఉంది.

గేటు దగ్గర ‘పక్కన పెట్టుకో పో’ అనడానికీ, కత్తి దూయడానికీ పోలికే లేదని కొందరు అనవచ్చు. నేరంలో పోలిక లేదు, నిజమే. అయితే ఎవరు ఏ బండి ఎక్కాలి, ఎవరికి ఎంత మర్యాద ఇవ్వాలి అన్న లెక్క రెండింటికీ ఒకటే. ఆ లెక్క ఇంట్లోనే మొదలవుతుంది. పిల్లలు పెద్దల్ని చూసే నేర్చుకుంటారు.

ఇకపై పెళ్లికి పోయినప్పుడు మండపం గుమ్మానికి కట్టిన పూలను ఒకసారి చూడండి. తెల్లవారుజామున మార్కెట్‌కు వాటిని ఏ బండి తెచ్చిందో అడగండి. గోడ పక్కకు నెట్టించిన మోపెడ్‌దీ ఆ జాతే!