పాపాయికి చిరుతిండి

మా మనవరాలికి ఎనిమిదో నెల. సాయంత్రమయ్యేసరికి ఏదో ఒకటి నోట్లో పెట్టమని పేచీ. "బిస్కెట్ ఇస్తే ఊరుకుంటుందిగా అమ్మా" అంటుంది మా అమ్మాయి. తీపి మరిగితే రేపు పప్పన్నం ముట్టదే తల్లీ అన్నాను.

ఆరు నెలలు నిండిన పిల్లలకి తల్లిపాలు ఇస్తూనే ఇవి పెట్టి చూడండి.

చిలగడదుంప: ఆవిరి మీద ఉడికించి, తొక్క, పీచు తీసి మెత్తగా మెదపండి.

రాగిజావ: రాగులు నానబెట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి పొడి కొట్టి, జల్లించుకోండి. రెండు చెంచాల పిండి చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, చిక్కగా ఉడికించి, చుక్క నెయ్యి వేయండి.

పెసరట్టు: ఎనిమిది నెలలు దాటాక. నానిన పెసరపప్పు రుబ్బి, మిర్చి లేకుండా మెత్తగా పోసి, వేలంత ముక్కలు చేసి చేతికివ్వండి.

ఏడాదిలోపు ఉప్పు, పంచదార కలపొద్దు. తేనె అసలు నాకించొద్దు. కొత్త పదార్థం ఏదైనా ఒక్కొక్కటే మొదలుపెట్టి, మూడు రోజులు చూసి ఇంకోటి పెట్టండి.

ఇన్ని చెప్పే నేనే మొన్న పొరపాటు చేశాను. పళ్లొస్తున్నాయి కదా అని పచ్చి క్యారెట్ ముక్క ఇచ్చాను. తునక గొంతుకి అడ్డం పడి పిల్లకి ఏడుపు కూడా రాలేదు! మా అమ్మాయి పాపని ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి వంచి, వీపు మీద గట్టిగా చరిస్తే బయటపడింది. నా కాళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఒకటే లెక్క. రెండు వేళ్ల మధ్య నొక్కితే నలిగిందా, పాపకి. నలగలేదా, మాకు!