సముద్రగర్భ కేబుల్ పనులు: తాత్కాలిక ఆంక్షలు, పడవల భద్రత, మత్స్యకారుల జీవనోపాధి

ప్రత్యేక వ్యాసం

విశాఖపట్నంలో కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పనున్నట్లు గూగుల్ సంస్థ 2025 అక్టోబరు 14న న్యూఢిల్లీలో ప్రకటించిన సంగతి విదితమే. 2026 నుండి 2030 వరకు అయిదేళ్ల కాలంలో సుమారు 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో రూపొందనున్న ఈ ప్రాజెక్టులో డేటా సెంటరుతో పాటు, అంతర్జాతీయ సముద్రగర్భ కేబుళ్లు తీరానికి చేరే ముఖద్వారం కూడా ఒక ముఖ్య భాగం. డేటా సెంటరుకు కావలసిన భూమి, విద్యుత్తు, నీరు, రాబోయే ఉద్యోగాల గురించి విస్తృతంగా చర్చ జరిగింది. సముద్రం మీద జరుగవలసిన పని గురించి అంతగా చర్చ జరగలేదు. కేబుల్ ఒడ్డుకు చేరాలంటే ముందుగా సర్వే నౌకలు, ఆ తరువాత కేబుల్ నౌక, తీర సమీపంలో డైవర్లు, చిన్న పడవలు పని చేయవలసి ఉంటుంది. ఆ రోజులలో ఆ నీటిభాగంలో పడవల రాకపోకలపై తాత్కాలిక ఆంక్షలు అనివార్యం. ఆ ఆంక్షల సమాచారం మత్స్యకారునికి ఎప్పుడు, ఏ మాటలలో, ఎవరి ద్వారా చేరుతుందన్న దానిపైనే పడవల భద్రత, వారి జీవనోపాధి రెండూ ఆధారపడి ఉన్నాయి.

ఖండాల మధ్య సాగే ఇంటర్నెట్ సమాచారంలో తొంభై అయిదు శాతానికి పైగా ఉపగ్రహాల ద్వారా కాక సముద్రగర్భ కేబుళ్ల ద్వారానే ప్రయాణిస్తుంది. మన దేశానికి చేరే అంతర్జాతీయ కేబుళ్లు చాలాకాలంగా ముంబయి, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురం తీరాలకే పరిమితమయ్యాయి. ఈ వరుసలో తూర్పు తీరాన మరొక ద్వారం తెరుచుకోవడం వల్ల, ఒకచోట తెగినా మరొకచోట నుండి సమాచారం నడిచే వీలు కలుగుతుంది. బంగాళాఖాతానికి కేబుల్ కొత్త కాదు. మద్రాసు నుండి పినాంగుకు టెలిగ్రాఫ్ కేబుల్ 1871లోనే పడింది. మన కాలంలో చెన్నై నుండి అండమాన్, నికోబార్ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్‌కు 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరుగగా, 2020 ఆగస్టు 10న అది ప్రారంభమైంది. అయితే ఆంధ్ర తీరంలో చేపల వేటతో జీవించే గ్రామాల ఎదుట ఇంత పెద్ద ఎత్తున ఈ పని జరుగడం కొత్త.

లోతు సముద్రంలో పరిచే కేబుల్ తోటకు నీళ్లు పట్టే గొట్టమంత లావు మాత్రమే ఉంటుంది. తీరానికి దగ్గరయ్యే కొద్దీ లంగర్లు, వలల తాకిడి తట్టుకొనేందుకు ఉక్కు తీగల కవచం చుట్టి, నేల అనుకూలించిన చోట ఒకటి రెండు మీటర్ల లోతున పాతిపెడతారు. నౌక వెనుక నాగలి వంటి భారీ యంత్రం సముద్రపు అడుగును చీల్చుకుంటూ వస్తుంది. ఆ సాలులో కేబుల్ దిగుతుంది. ఆ సమయంలో నౌక వేగం మనిషి నడక కన్నా తక్కువ. చూసేవారికి ఆగి ఉన్న ఓడ వలె కనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. ఆ నౌక ఆగి లేదు, పక్కకు తప్పుకొనే స్థితిలోనూ లేదు. వెనుక కేబుల్ బిగువు, అడుగున నాగలి లాగు ఉండగా ఎదురుగా ఒక తెప్ప వచ్చినంత మాత్రాన చుక్కాని తిప్పడం దానికి సాధ్యం కాదు. మలుపు తిప్పితే కేబుల్ మెలిపడి తెగుతుంది. తెగిన కేబుల్‌ను అడుగు నుండి పైకి తీసి అతకడం రోజుల తరబడి సాగే పని.

ఒడ్డు దగ్గర పరిస్థితి మరింత సున్నితం. పెద్ద నౌక లోతు తక్కువ ఉన్న చోటికి రాలేదు గనుక కొంత దూరంలో నిలిచి, గాలి నింపిన తేలుడు బుడగలు కట్టిన కేబుల్‌ను నీటి మీద తేలిస్తూ ఒడ్డుకు లాగిస్తారు. ఒడ్డుకు చేరిన తరువాత డైవర్లు బుడగలను ఒక్కొక్కటిగా విడదీసి కేబుల్‌ను అడుగుకు దించుతారు. ఆ కొన్ని గంటలలో నీటి మీద వందల మీటర్ల పొడవున ఒక అడ్డుకట్ట ఏర్పడినట్లే. తెల్లవారుజామున చీకటిలో వేటకు బయలుదేరే ఫైబర్ తెప్ప దాని మీదికి వెళితే మోటారు పంకాకు కేబుల్ చుట్టుకోవచ్చు, తెప్ప బోల్తా పడవచ్చు. నీటి అడుగున ఉన్న డైవరు ప్రాణానికీ అది ముప్పే.

ఇందుకే 1972 నాటి అంతర్జాతీయ నౌకా ఢీకొనుటల నివారణ నిబంధనలు కేబుల్ నౌకకు ప్రత్యేక గుర్తులు నిర్దేశించాయి. పగలు పైనుండి కిందికి వరుసగా నల్లని గుండు, డైమండు ఆకారం, మళ్లీ గుండు. రాత్రి అదే వరుసలో ఎరుపు, తెలుపు, ఎరుపు దీపాలు. "నేను తప్పుకోలేను, నీవే తప్పుకో" అని వీటి అర్థం. మరబోటు గాని, తెరచాప పడవ గాని, వల వేసి ఉన్న పడవ గాని వీలైనంత మేరకు ఆ నౌకకు దారి విడువవలసి ఉంటుంది. రేవులోని ప్రతి సరంగుకూ ఈ గుర్తులు తెలిసి ఉండాలి. బొమ్మలతో ఒక గోడపత్రిక అచ్చు వేయించి చేపల వేలం జరిగే షెడ్డులో అతికిస్తే అయ్యే ఖర్చు ఎంత? కోట్ల విలువైన ప్రాజెక్టులో అది లెక్కలోనికి రాని మొత్తం.

అదుపులో లేని నౌక, ప్రయాణికుల పడవ ఒకే నీటిలో తిరిగితే ఏమి జరుగుతుందో 2024 డిసెంబరు 18న ముంబయి హార్బరులో దేశం చూసింది. ఇంజను పరీక్షలో ఉన్న నౌకాదళ వేగపు పడవ అదుపు తప్పి, ఎలిఫెంటా దీవికి వెళ్తున్న నీల్‌కమల్ పడవను ఢీకొనగా 15 మంది ప్రాణాలు కోల్పోయారు. అది కేబుల్ పనికి సంబంధించిన ఘటన కాదు. కాని ప్రత్యేకమైన పని చేసే నౌకకు కొంత నీటిభాగాన్ని, కొంత సమయాన్ని విడిగా కేటాయించడం ఎందుకు అవసరమో అంతకన్నా చెప్పనవసరం లేదు.

ఇక జీవనోపాధి మాట. మన రాష్ట్రంలో తీరం నుండి 8 కిలోమీటర్ల లోపు జలాలు సంప్రదాయ మత్స్యకారుల వేటకు ఉద్దేశించినవి. మరబోట్లు ఆ గీత దాటి వేటాడాలి. కేబుల్‌ను జాగ్రత్తగా పాతవలసినది, నౌక అతి నెమ్మదిగా కదిలేది సరిగ్గా ఈ భాగంలోనే. అంటే ఆంక్షల భారం పెద్ద బోటు యజమానిపై కన్నా రెండు మూడు మనుషులతో నడిచే చిన్న తెప్పపైనే ఎక్కువగా పడుతుంది. మరబోటు మరొక వైపు వెళ్లి రెండు మూడు రోజులు వేటాడి రాగలదు. తెప్పకు ఆ వెసులుబాటు లేదు. తెల్లవారుజామున వెళ్లి పొద్దెక్కేసరికి తిరిగి వచ్చి, ఆ పూట దొరికిన చేపలు అమ్మితేనే ఆ పూట గడుస్తుంది.

ఈ భారాన్ని తగ్గించే మార్గం ఒకటి మన చేతిలోనే ఉన్నది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు యాంత్రిక బోట్ల వేట నిషేధం అమలవుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమన్నది దానికి కారణం. ఆ కాలానికి మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలకు పెరిగింది. తీర సమీపంలోని కేబుల్ పనులను వీలైనంత మేరకు ఆ 61 రోజులలో ముగించేలా ప్రణాళిక రూపొందిస్తే మరబోట్లతో తగవు అసలు తలెత్తదు. అయితే మోటారు లేని నావలకు నిషేధం వర్తించదు గనుక అవి అప్పుడు కూడా నీటిమీదే ఉంటాయి. వాటికి మాత్రం ముందస్తు సమాచారం, పని సాగే రోజులకు తగిన పరిహారం తప్పనిసరి. కేబుల్ నౌకలు ప్రపంచంలో కొద్ది సంఖ్యలోనే ఉన్నందున వాటి తేదీలు మన కోరిక ప్రకారమే కుదురుతాయని చెప్పలేము. అయినా అనుమతి ఇచ్చే దశలోనే ఈ మాట ముందుంచడం ప్రయోజనకరం.

సమాచారం ఏ దారిన వస్తుందో చూద్దాం. సముద్రంలో జరిగే పనుల గురించి నావికులకు హెచ్చరికలు డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం నుండి వెలువడతాయి. హిందూ మహాసముద్రంలోని విశాల భాగానికి నౌకాయాన హెచ్చరికల సమన్వయకర్త కూడా ఆ కార్యాలయమే. ఓడరేవు పరిధిలోని నీటికి రేవు అధికారులు వేరుగా నోటీసులు ఇస్తారు. ఇవి అక్షాంశ రేఖాంశాలతో, నావికుల సాంకేతిక భాషలో ఉంటాయి. రేడియో, పటాలు ఉన్న వాణిజ్య నౌకకు అది చాలు. జాలరిపేటలోని తెప్ప యజమానికి ఆ అంకెలతో పని లేదు. ఆయన దారి చూసుకొనేది యారాడ కొండను, డాల్ఫిన్ నోస్ దీపస్తంభాన్ని, కైలాసగిరిని, గుడి గోపురాన్ని ఒకదానితో మరొకటి సరిచూసుకొని. కనుక "ఫలానా కొండకు ఎదురుగా, ఇన్ని బారల లోతు వరకు, ఫలానా తేదీ ఉదయం నుండి ఫలానా తేదీ సాయంత్రం వరకు" అని తెలుగులో చెప్పిన నోటీసే నోటీసు.

ఈ అనువాదం చేయవలసినది మత్స్యశాఖ, మెరైన్ పోలీసు, సమాచార పౌర సంబంధాల శాఖల జిల్లా యంత్రాంగం. సాధనాలకు కొరత లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు లభించే ప్రాంతాల సమాచారాన్ని, అలల హెచ్చరికలను ఇప్పటికే తెలుగులో అందిస్తున్నది. బోట్లలో అమర్చే ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్ల పథకాన్ని 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధానమంత్రి ప్రారంభించారు. తుపాను హెచ్చరిక వెళ్లే దారిలోనే కేబుల్ హెచ్చరిక కూడా వెళ్లవచ్చు. వీటన్నిటితో పాటు పాత చాటింపు పద్ధతిని తక్కువగా చూడరాదు. గ్రామ పెద్దల ద్వారా చెప్పిన మాట ఫోను సందేశం కన్నా బలంగా నాటుకుంటుందని తీర ప్రాంతాలలో పనిచేసిన వారందరూ ఎరుగుదురు.

నోటీసులో ముగింపు తేదీ లేకపోవడం పెద్ద లోపంగా పరిగణించాలి. "తదుపరి ఉత్తర్వుల వరకు" అన్న మాట కార్యాలయానికి సౌకర్యం, తెప్పకు నష్టం. గాలివాన వల్ల పని వాయిదా పడితే కొత్త తేదీలు చెప్పాలి. పని ముందుగా ముగిస్తే ఆ సాయంత్రమే ఆంక్ష ఎత్తివేసినట్లు రేవులో చాటాలి. పాటించినందుకు తన వేట రోజులు అనవసరంగా పోయాయని ఒకసారి తెలుసుకొన్న మత్స్యకారుడు రెండవసారి పాటించడు.

వలల నష్టం మరొక ముఖ్యాంశం. కేబుల్ వేయడానికి ముందు ఆ దారిలో పాత తాళ్లు, వలలు, చెత్త తొలగించేందుకు కొక్కేలను అడుగున ఈడ్చుకుంటూ వెళ్తారు. అప్పుడు ముందు రాత్రి పరచి ఉంచిన మంచి వల కూడా చిక్కుకొనే అవకాశం ఉన్నది. ఈ విషయమై ప్రపంచం ఎంత ముందుగా ఆలోచించిందో తెలుసుకోవడం ఆసక్తికరం. 1884 మార్చి 14న ప్యారిస్‌లో కుదిరిన సముద్రగర్భ టెలిగ్రాఫ్ కేబుళ్ల రక్షణ ఒప్పందం ప్రకారం, పనిలో ఉన్న కేబుల్ నౌకకు ఇతర నౌకలు కనీసం ఒక నాటికల్ మైలు, అనగా 1,852 మీటర్ల దూరం పాటించాలి. కేబుల్ స్థానాన్ని తెలిపే బోయాలకు నాలుగవ వంతు మైలు దూరం చాలు. వేట పడవ కేబుల్ నౌక గుర్తులను చూసిన తరువాత తప్పుకొనేందుకు గరిష్ఠంగా 24 గంటల గడువు ఇచ్చారు. నీటిలో ఉన్న వలను తీసుకోవడానికి సమయం పడుతుందని నూట నలభై ఏళ్ల క్రితమే గుర్తించారన్న మాట.

అదే ఒప్పందంలో మరొక నిబంధన ఉన్నది. కేబుల్ పాడు కాకూడదని తన లంగరును గాని, వలను గాని వదులుకొన్న పడవ యజమానికి కేబుల్ యజమాని పరిహారం చెల్లించాలి. ఇందుకు సిబ్బంది సాక్ష్యంతో వెంటనే వివరాలు రాసుకొని, ఒడ్డుకు చేరిన 24 గంటలలోగా అధికారులకు తెలపాలి. ఇదే సూత్రాన్ని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 115వ అధికరణంలో పొందుపరచి, తగిన చట్టాలు చేసుకోవలసిందిగా సభ్య దేశాలకు నిర్దేశించింది. మన దేశం ఆ ఒప్పందాన్ని 1995లో ఆమోదించింది. పడవ యజమాని ముందుగా తగు జాగ్రత్తలు తీసుకొని ఉండాలన్నది ఇందులోని షరతు. "కేబుల్ దగ్గరికి రావద్దు" అని చెప్పే సమావేశంలోనే "వల వదులుకొంటే ఇలా అడగవచ్చు" అన్న మాట కూడా చెప్పడం న్యాయం. వల చిక్కినప్పుడు దానిని బలవంతంగా లాగి తెప్ప బోల్తా కొట్టించుకొనే బదులు, కోసి వదిలివేసే ధైర్యం మత్స్యకారునికి ఆ మాటే ఇస్తుంది. ఒక వల ధర, దానికోసం చేసిన అప్పు తెలిసిన వారికి ఇది చిన్న విషయంగా తోచదు.

కేబుల్ పడిన తరువాత పడవల రాకపోకలకు అడ్డు ఉండదు. వాటి మార్గాలు సముద్ర పటాలలోకి ఎక్కుతాయి. ఆ గీతల మీద లంగరు వేయడం, అడుగును గీరే ట్రాల్ వల లాగడం మాత్రం మానుకోవాలి. ప్రపంచవ్యాప్తంగా ఏటా 150 నుండి 200 వరకు కేబుల్ లోపాలు నమోదవుతుండగా వాటిలో అధిక భాగం చేపల వేట, లంగర్ల వల్ల కలుగుతున్నవే. 2024 ఫిబ్రవరిలో ఎర్ర సముద్రంలో క్షిపణి దాడికి గురై కొట్టుకుపోయిన రూబీమార్ నౌక లంగరు మూడు కేబుళ్లను తెంచినట్లు భావిస్తున్నారు.

సముద్రంలో వల లేదా లంగరు కేబుల్‌కు చిక్కినదని అనుమానం కలిగినప్పుడు దానిని పైకి లాగే ప్రయత్నం చేయరాదు. చోటును, సమయాన్ని గుర్తు పెట్టుకొని వలను వదిలివేసి, ఒడ్డుకు చేరిన వెంటనే మత్స్యశాఖ అధికారికి, మెరైన్ పోలీసు స్టేషనుకు తెలియజేయాలి. పడవ ప్రమాదంలో ఉన్నప్పుడు వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో గాని, తీర గస్తీ దళం ఉచిత టెలిఫోను నెంబరు 1554కు గాని సమాచారం ఇవ్వవచ్చును.